వంటిల్లు లేని కోట

మునిసిపల్ ఆఫీసులో ఇళ్ల ప్లాన్లు గీసే ఆ పెద్దమనిషిని అందరూ స్కేలాయన అంటారు. జేబులో పెన్నయినా మర్చిపోతాడు గానీ స్కేలు మర్చిపోడు. అలాంటివాడు పదకొండేళ్లుగా సెలవు రోజుల్లో కూర్చుని లేని లోకమొకటి గీశాడు. ఏడు దీవులు, నడుమ కోట, దాని మీద కన్నేసిన డ్రాగన్. ఎందుకయ్యా ఇదంతా అంటే, ఆట కోసం. ఈయన ఆ లోకాన్ని వర్ణిస్తాడు, తక్కినవాళ్లు అందులో మనుషులై "నేనిది చేస్తా" అంటారు, అయిందో లేదో పాచిక చెబుతుంది.

ఆడేది ఇద్దరే. ఎలక్ట్రీషియన్ బామ్మర్ది, పక్కింటి నర్సమ్మ. వాళ్లకీ ఓపిక అయిపోయింది. అయిపోదూ మరి? మూడు ఆదివారాలైనా కోట గుమ్మం దాటలేదు. కాపలావాడు అనుమతి కాగితం మూడు ప్రతులు అడుగుతున్నాడాయె!

"బావా, ఇవాళా ఇంతే అయితే నీ ఆటకో దండం," అన్నాడు బామ్మర్ది.

"నాకూ అంతే అన్నయ్యగారూ. కాగితాలు ఆసుపత్రిలో రాసేవే చాలు," అంది నర్సమ్మ.

వీళ్లిద్దరూ లేస్తే పదకొండేళ్ల లోకం అటకెక్కుతుంది. స్కేలాయన గబగబా ఇద్దరినీ కోటలోకి తోసి, తలుపులు మూయించి, బయట డ్రాగన్ని కూర్చోబెట్టాడు. "నలభై రోజుల ముట్టడి! లోపల మూడొందల మంది! ఏం చేస్తారు?"

ఇద్దరూ కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. హమ్మయ్య అనుకునేంతలో వంటింటి గుమ్మంలోంచి ఇల్లాలు, చేతిలో గరిటెతో, "మూడొందల మందికి వండేదెక్కడ?" అంది.

"వంటింట్లో!" అని మ్యాపు మీద వేలు పెట్టాడు. వేలు అటు తిరిగింది, ఇటు తిరిగింది. ఆయుధాల గది ఉంది. చెరసాలలు నాలుగున్నాయి. రాజుగారి టోపీలకే రెండు గదులు, అంగుళాలతో సహా. వంటిల్లు మాత్రం లేదు.

బామ్మర్ది పొట్ట పట్టుకుని నవ్వాడు. నర్సమ్మకి పొలమారింది. స్కేలాయన ముఖం మాడ్చుకుని మ్యాపు చుట్టబోయాడు.

"ఉండండి," అంటూ ఇల్లాలు కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఆ కోటలో వంటమనిషిని నేను. బురుజెక్కి డ్రాగన్ని పిలుస్తా. 'ఏమయ్యా, మాకు పొయ్యి లేదు, నువ్వు నిప్పు ఊదు, వండినదాంట్లో సగం నీది' అంటా."

పాచిక వేసింది. ఆరు! డ్రాగన్ బుద్ధిగా వచ్చి గిన్నె కింద ఊదింది. చీకటి పడేదాకా ఎవరూ లేవలేదు. వచ్చే ఆదివారం పెందలాడే వస్తామని చెప్పి మరీ వెళ్లారు.

"ముందు వంటిల్లు గీయండి," అంది ఇల్లాలు. "పొగ పోయే దారి కూడా."

వంటిల్లెలా ఉండాలో చూద్దామని ఆయన టేపు పట్టుకుని సొంత వంటింట్లోకి వెళ్లాడు. ఇల్లు కట్టిన ఇరవయ్యేళ్లలో మంచినీళ్లకు తప్ప అందులో అడుగుపెట్టి ఎరగడు. పొయ్యి మీద పోపు వేగుతోంది. ఐదు నిమిషాలకే దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ బయటపడ్డాడు. కిటికీ లేదు. ఆ ఇంటి ప్లాను గీసిందీ ఈ మహానుభావుడే.

"ఇన్నాళ్లూ చెప్పలేదేమే?"

"చెప్పకేం, ఇల్లు లేచేటప్పుడే చెప్పాను. 'ప్లాను పాసైపోయింది, ఇక మార్చకూడదు' అన్నారు."

ఆయనకి సిగ్గేసింది. నిజంగానే.

ఆదివారం బామ్మర్దీ నర్సమ్మా వచ్చేసరికి ఇల్లంతా దుమ్ము. తాపీమేస్త్రీ వంటింటి గోడ పగలగొడుతున్నాడు. "కిటికీ ఎంత పెట్టమంటారు సార్?" అని కేకేశాడు.

స్కేలాయన చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది. స్కేలు తీశాడు. తీసి ఇల్లాలి చేతిలో పెట్టాడు.

ఆమె దానివంక చూడనైనా చూడలేదు. "డ్రాగన్ తల పట్టేంత," అంది.