సున్నం పూసిన బిల్లెట్లు

మా ముత్తాత జగన్నాథం పంతులు గారు ఉత్తరాంధ్రలో ఒక చిన్న సంస్థానానికి దివాను. మా తాత సూర్యనారాయణ పంతులు గారు విశాఖ రేవు నుంచి మాంగనీసు ఖనిజం ఎగుమతి చేసేవారు. ఆయన గ్రేడు రాసి సంతకం పెట్టిన సరుకును అవతలి ఒడ్డున మళ్లీ పరీక్షించేవారు కారట. మా నాన్నగారి కాలానికి కోర్టు వ్యాజ్యాలు తప్ప ఏమీ మిగల్లేదు. నేను లోహశాస్త్రం చదివి జీతానికి కుదిరాను. ఇదంతా గొప్పకు చెప్పడం లేదు. నా చేత ఒక సంతకం పెట్టించాలని చూసినవారికి నేను ఎవరి మనవణ్ణో తెలుసని చెప్పడానికి రాస్తున్నాను.

2023 అక్టోబరులో గాజువాక అవతల ఉక్కును వేడిచేసి కడ్డీలుగా, తీగలుగా సాగదీసే ఒక ప్రైవేటు రోలింగ్ మిల్లులో నన్ను ఇంధన, పర్యావరణ విభాగానికి డిప్యూటీ జనరల్ మేనేజరుగా వేశారు. సరిగ్గా ఆ నెలలోనే యూరప్ సరిహద్దు కార్బన్ నియమం అమల్లోకి వచ్చింది. అక్కడికి ఉక్కు పంపేవాళ్లు, టన్ను తయారీలో ఎంత కర్బనం గాలిలోకి వదిలారో లెక్క చెప్పాలి. మొదట్లో చెబితే చాలు. 2026 నుంచి దాన్ని బట్టి సుంకం. రుజువు చూపలేకపోతే వాళ్లే ఒక అంకె వేసుకుంటారు. అది ఎప్పుడూ మన నిజమైన అంకె కన్నా పెద్దదిగానే ఉంటుందని అనుకోవచ్చు. నూటయాభై ఏళ్లు బొగ్గు మీద బతికినవాళ్లు గీసిన గీత ఇది. దాన్ని దాటి సరుకు అమ్ముకోవడం మా పని.

అక్కడి రెండు మిల్లుల్లో రెండోది బోల్టులకు పనికొచ్చే తీగచుట్టలు తయారుచేసేది. ఆ సరుకు దాదాపుగా జర్మనీలోని ఒకే కొనుగోలుదారుకు వెళ్లేది. చుట్టలకు ముడిసరుకు బిల్లెట్, అంటే పొడవాటి చదరపు ఉక్కు దిమ్మ. మేము రెండు రకాలు కొనేవాళ్లం. తుక్కును విద్యుత్ కొలిమిలో కరిగించి పోసినది ఒకటి, ఇనుప ఖనిజాన్ని కోక్ బొగ్గుతో బ్లాస్ట్ ఫర్నేసులో కరిగించి చేసినది మరొకటి. కర్బనం లెక్కలో మొదటిది చాలా తక్కువ, రెండోది చాలా ఎక్కువ. కంటికి మాత్రం రెండూ ఒకటే. ఒకసారి కరిగించి పోసిన ఉక్కును హీట్ అంటారు. ఆ హీట్ నంబరును బిల్లెట్ చివర పెయింటుతో రాస్తారు. ఏ దిమ్మ ఏ కొలిమిదో చెప్పేది ఆ నంబరు ఒక్కటే.

రెండు రకాలనూ వేర్వేరు చోట్ల పేర్చమని నేను చేరిన నెలలోనే రాసి ఇచ్చాను. క్రేను తిరగడానికి చోటు చాలదని వర్క్స్ డైరెక్టరు తోసిపుచ్చారు. అలాగైతే నంబరు ఉన్న ముఖాన్ని ఎవరూ తాకకూడదని సర్క్యులర్ ఇచ్చాను. దాన్ని నోటీసు బోర్డుకు అంటించారు.

మరుసటి ఏడు దసరా వెళ్లిన వారానికి కొనుగోలుదారు తరఫున తనిఖీ జరగాల్సి ఉంది. కార్బన్ లెక్క కుదిరిన సరఫరాదారుతోనే పై సంవత్సరాలకు ఒప్పందం చేసుకుంటామని ముందే చెప్పారు. ఆ ఒప్పందం లేకపోతే రెండో మిల్లు లేదు.

ఈ ప్రాంతపు కార్ఖానాల్లో ఆయుధ పూజ ఎలా జరుగుతుందో తెలియనివారికి చెప్పాలి. యంత్రాలన్నీ కడుగుతారు, రంగులు వేస్తారు, బంతిపూల దండలు కట్టి పసుపూ కుంకుమా పెడతారు. అధికారి గుమ్మడికాయ కొడతాడు. ఆ ఏడు గుమ్మడికాయ కొట్టింది డైరెక్టరు గారే. నేను రెండు రోజులు సెలవులో ఉండి తిరిగి వచ్చేసరికి బిల్లెట్లు పేర్చే యార్డంతా తెల్లగా మెరుస్తోంది. ప్రతి బిల్లెట్ చివరా సున్నం, సున్నం మీద కుంకుమ బొట్టు.

యార్డు సూపర్‌వైజరు అప్పలనాయుడు ఎదురొచ్చాడు. పద్మనాభం ఊరి నుంచి రోజూ వచ్చే కాంట్రాక్టు మనిషి. అతని కింద పనివాళ్లంతా చుట్టుపక్కల ఊళ్లవాళ్లే.

"ఎలాగుంది బాబూ? బయటోలు వత్తన్నారు, యార్డు పెళ్లి పందిర్లాగుండాలని డైరెట్రుగారు సెప్పినారు. రెండుమార్లు ఏసినాం."

"నంబర్లు ఏవి?" అన్నాను.

"నంబర్లేటి బాబూ? ముందు తుప్పు గీకి మరీ ఏసినాం."

అతని వెనక ఉన్న పనివాళ్లలో ఒకడు, "మా బావని ముగ్గెయ్యమన్నా ఏసేత్తాడు సార్!" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వకపోవడం చూసి అప్పలనాయుడు ముఖం మారింది. "సర్క్యులరని ఒకటి అంటించినారు గానీ, పండక్కి కూడా అదేనని ఎవులనుకుంటారు బాబూ?" అన్నాడు.

సున్నం కడిగించాను. వైరు బ్రష్షు గీతలు తప్ప ఏమీ కనబడలేదు.

తనిఖీకి పుణె నుంచి ఒక ఇంజనీరు వచ్చింది. పని తెలిసిన మనిషి. ఆమెకు జరిగింది చెప్పి, ప్రయోగశాలకు తీసుకెళ్లాను. తుక్కుతో చేసిన ఉక్కులో రాగి జాడ ఎక్కువగా ఉంటుంది. పాత మోటార్లూ తీగలూ కలిసి కరుగుతాయి గనుక. లోహంలో ఏమేమి కలిసి ఉన్నాయో చూపే స్పెక్ట్రోమీటరు మీద కొన్ని దిమ్మలను పరీక్షించి, ఏవి తుక్కుతో చేసినవో చూపించాను. ఆమె ఒప్పుకుంది. కానీ తుక్కు ఉక్కు అని తెలిస్తే సరిపోదని, ఏ కొలిమిలో, ఏ ఇంధనంతో కరిగిందో తెలియాలని, రాగి ఆ సంగతి చెప్పదని అంది. నిల్వ మొత్తానికీ పెద్ద అంకె వేయక తప్పదంది.

ఆ సాయంత్రం డైరెక్టరు నన్ను గదికి పిలిచారు. కొనుగోలు బిల్లుల్లో ఉన్న విద్యుత్ కొలిమి నంబర్లను దిమ్మలన్నిటి మీదా తిరిగి రాయిస్తామని, అవి సరిచూశానని నేను సంతకం చేస్తే మర్నాడు మళ్లీ చూపించవచ్చని చెప్పారు. వాటిలో బ్లాస్ట్ ఫర్నేసువీ ఉన్నాయి కదా అన్నాను. ఉంటే ఉంటాయి, యూరప్ వాడు వచ్చి రుచి చూడడు అన్నారు. నేను సంతకం చేయనన్నాను.

"పంతులు గారూ, మీ తాతగారి సంతకానికి రేవులో విలువ ఉండేదేమో. ఇప్పుడు ఆ సంతకం పెట్టి టీ కూడా తాగలేరు."

"అందుకే పెట్టడం లేదు, సార్. ఉన్నది అదొక్కటే," అని బయటకు వచ్చాను.

ఈ సంగతి యార్డుకు చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. మర్నాడు అప్పలనాయుడు నా గది గుమ్మంలో నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఒక్క సంతకం బాబూ. మీకేటి పోద్ది? పెద్దింటోరు. ఉజ్జోగం పోయినా పేరుంటాది. మాకేటుంది? నాను ఆనందపురం కూడలికెళ్లి కూలికి నిలబడాల."

అబద్ధం బయటపడితే రెండు మిల్లులూ మూతపడతాయని చెప్పాను.

"అప్పుడు మూతపడితే అందరం పోదుం. ఇప్పుడు మేమే పోతన్నాం," అన్నాడు. నాకు మిగిలిందనుకుంటున్న పేరు ఏ ఇంట్లోనూ పొయ్యి వెలిగించదని అతనికి తెలుసు, నాకూ తెలుసు. అయినా సంతకం పెట్టలేదు. ఈ రోజు అడిగినా పెట్టను.

ఒప్పందం టర్కీలోని ఒక మిల్లుకు వెళ్లింది. మాకు వచ్చిన ఉత్తరంలో మా సరుకు నాణ్యతను మెచ్చుకున్నారు. కొద్ది నెలలకు రెండో మిల్లును ఆపేశారు. అప్పలనాయుడి ముఠాకు గేటు పాసులు రద్దయ్యాయి. సున్నం వేయమన్న డైరెక్టరు ఇంకొక కంపెనీలో పై పదవికి వెళ్లారు. పర్యావరణ విభాగం అక్కర్లేదని నా పదవీకాలాన్ని పొడిగించలేదు.

తర్వాత ఢిల్లీలోనూ హైదరాబాదులోనూ ఈ నియమం మీద జరిగిన సదస్సులకు నన్ను పిలిచారు. వక్తలంతా శుద్ధ ఇంధనం గురించి, గ్రీన్ హైడ్రోజన్ గురించి మాట్లాడారు. యార్డులో దిమ్మలను విడివిడిగా పేర్చడానికి కావలసిన చోటు గురించి ఎవరూ మాట్లాడలేదు. నేను నేర్చుకున్నది ఇదే. ఈ నియమం ముందు ఉక్కు శుభ్రంగా ఉంటే సరిపోదు, ఏ దిమ్మ ఎక్కడ పుట్టిందో చివరిదాకా చూపగలగాలి. అది కొలిమి దగ్గర తేలే పని కాదు, యార్డులో తేలే పని. యార్డుకు మా దగ్గర ఎప్పుడూ ఖర్చు పెట్టలేదు.

ఆ బిల్లెట్లను మొదటి మిల్లులో ఇళ్లు కట్టడానికి వాడే కడ్డీలుగా రోల్ చేసి మధురవాడ అపార్ట్‌మెంట్లు కట్టే బిల్డర్లకు అమ్మారు. రెండో మిల్లు రోలింగ్ స్టాండ్లను, గేర్‌బాక్సులను, క్రేనును తుక్కు కింద తూచి అమ్మేశారు.