జెఫెరీను చేతికొచ్చిన పరాయి గొడుగు

లిస్బన్ మౌరారియా పేటలో జెఫెరీను పిల్లనగ్రోవి ఊదాడంటే ఆడవాళ్లు ఆరేసిన బట్టలు తీసేసుకునేవారు. సాన పట్టేవాడు సందులోకొస్తే వెనకాలే వాన వస్తుందని అక్కడి నమ్మకం. కత్తులకు సాన పట్టడం, విరిగిన గొడుగులు బాగుచెయ్యడం, రెండూ అతని పనే. కాబట్టి వానొచ్చినా అతనికి నష్టం లేదు, రాకున్నా లేదు. సొంత గొడుగు మాత్రం నానా రంగుల మాసికలతో ఉండేది. అతని భార్య ఫెలిస్బెలా, "ఊరందరి గొడుగులూ బాగుచేస్తావు, నా నెత్తిన మాత్రం జల్లెడ పడతావు" అని దెప్పేది.

యాభై దాటిన మనిషి, మాట తక్కువ, చెవులు మాత్రం పెద్దవి. ఆ చెవులు చూసే కాబోలు, బూడిదరంగు భవనంవాళ్లు అతనికి కబురు పెట్టారు.

ఆ భవనం పేరు పేటలో ఎవరూ పైకి అనరు. "ఆ ఇల్లు" అంటే చాలు. రొట్టెలు కాల్చే ఒకాయన దేశాన్నేలే పెద్దమనిషి మీద సారాకొట్లో ఏదో హాస్యమాడి ఆ ఇంట్లోకి వెళ్లాడు. చలికాలం గడిచాక ముందుపళ్లు లేకుండా తిరిగొచ్చాడు. ఆ మాట అక్కడికి ఎవరు మోశారో తెలియలేదు. ఆనాటి నుంచి పేటలో అన్నదమ్ములు కూడా ఒకరి మాట ఒకరు ఆచితూచి వినేవారు.

అందుకే జెఫెరీను బెరుకుబెరుగ్గా వెళ్లి, తన గొడుగు గుమ్మం పక్కన ఆనించాడు. లోపల అధికారి కుర్రవాడే. తల నున్నగా దువ్వుకున్నాడు. కూర్చోమని, కాఫీ కూడా ఇప్పించాడు. ఆ మర్యాదకే జెఫెరీనుకు ముచ్చెమటలు పోశాయి.

"ప్రతి గుమ్మం దగ్గరా నిలబడతావట కదా. జనం ఏమనుకుంటున్నారయ్యా?"

"కత్తి మొద్దుబారిందనుకుంటారండి."

అధికారి నవ్వలేదు. "ఇంకా?"

"సానరాయి గోలలో నాకేం వినపడదండయ్యా."

"రాయి ఆపినప్పుడు వినపడుతుందిగా. ఆలోచించుకుని మళ్లీ రా. తొందరేం లేదు."

బయటపడితే చాలనుకుంటూ వచ్చి, గుమ్మం పక్కనున్న గొడుగుల్లో చేతికందింది లాక్కుని వానలోకి నడిచాడు. వీధి మలుపు తిరిగాక గానీ అనుమానం రాలేదు. నెత్తిన ఒక్క చుక్క కూడా పడటం లేదు! పైకి చూస్తే నల్లటి పట్టుగుడ్డ, చేతిలో దంతపు పిడి. గొడుగులు బాగుచేసేవాడు తన గొడుగునే గుర్తుపట్టలేకపోయాడు. వెనక్కి వెళ్లి ఆ తలుపు తట్టడానికి కాళ్లు రాలేదు.

సందు మొదట్లో దోనా కితేరియా కిటికీలో ఉంది. ఆవిడ ఎప్పుడూ కిటికీలోనే ఉంటుంది.

"ఏం జెఫెరీనూ, కొత్త గొడుగా? ఎవరిచ్చారేం?"

"దొరికింది" అన్నాడు. అంతకంటే పాడు జవాబు మరోటి లేదు. ఆ ఇంట్లోకి వెళ్లి ఆ పూటే, ఒళ్లు తడవకుండా, బహుమానం పట్టుకుని బయటికొచ్చేది ఎవరు? వాళ్ల మనిషి. వాళ్ల వేగు.

మర్నాడు పిల్లనగ్రోవి ఊదితే కిటికీ తలుపులు పడ్డాయి. "మా కత్తులు బాగానే తెగుతున్నాయి, నువ్వెళ్లు" అందొకావిడ తలుపు సందులోంచి. ఎర్మీనియు సారాకొట్లో అడుగు పెట్టగానే మాటలు ఆగిపోయాయి. అంతలో ఎర్మీనియు గొంతెత్తి, "దేశం చల్లగా ఉందన్నా, పెద్దాయన చలవ!" అన్నాడు. కల్లుముంతల్లా ఎర్రబడ్డ మొహాలన్నీ అవునవునన్నాయి. పాతికేళ్ల స్నేహితులు తనను చూసి ప్రభుత్వాన్ని పొగుడుతుంటే జెఫెరీను ద్రాక్షసారా సగంలో వదిలేసి లేచాడు.

"శనిని చంకన పెట్టుకొచ్చావు గదయ్యా" అంది ఫెలిస్బెలా. "తగలబెట్టెయ్."

"దొంగతనం కట్టి లోపలేస్తారే."

"అయితే తిరిగిచ్చెయ్."

"మళ్లీ గడప తొక్కితే వాళ్లడిగిన దానికి ఒప్పుకున్నట్టే. పేటంతా చూస్తుంది."

ట్రాములో మరిచిపోయినట్టు వదిలేసి దిగాడు. కండక్టరు ట్రాము ఆపి మరీ కేకేశాడు: "అయ్యా, మీ గొడుగు! ఇంత ఖరీదైనదాన్ని మరిచిపోతారా ఎవరన్నా?" కిటికీల్లోంచి బోలెడు తలలు. జెఫెరీను చెవులు కాలిపోయాయి. దండం పెట్టి తీసుకున్నాడు.

ఇంటికొచ్చాక ఫెలిస్బెలా క్యాబేజీ చారు గిన్నె ముందు పెట్టి, "నక్కినక్కి వెళ్తేనే అనుమానం. పిల్లనగ్రోవి ఊదుకుంటూ వెళ్లి ఇచ్చిరా" అంది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం సానబండి తోసుకుంటూ, పిల్లనగ్రోవి ఊదుతూ, ముడిచిన పట్టుగొడుగును ఊరేగింపులో జెండాలా బండి ముందు నిలబెట్టి ఆ ఇంటికి బయల్దేరాడు. మూసిన ప్రతి కిటికీ వెనకా కళ్లున్నాయని తెలుస్తూనే ఉంది. ఆకాశం కూడా నమ్మినట్టుంది, చినుకులు మొదలయ్యాయి.

అధికారి తనే గుమ్మం దగ్గరికి వచ్చాడు. "ఆలోచించుకున్నావా?"

"గొడుగు గురించి ఆలోచించానండి. పొరపాటున ఇది తీసుకుపోయాను. నాది ఇప్పిస్తే వెళ్తాను."

"ఆ సంగతో?"

"రాయి ఆపడానికి తీరిక దొరకటం లేదండి, పని ఎక్కువైంది." నిజానికి ఆ వారమంతా ఒక్క కత్తీ రాలేదు. బండి కర్ర పట్టుకుని నిలబడ్డాడు.

అధికారి పట్టుగొడుగు తీసుకున్నాడు. సైగ చేస్తే గుమ్మం దగ్గరి మనిషి లోపల్నుంచి ఏదో పొట్లం తెచ్చాడు. జెఫెరీను గొడుగు. పిడి నిలువునా చీలి ఉంది. మాసికలన్నీ కుట్లు విప్పేసి విడివిడిగా ఉన్నాయి. మిగిలినవి ఊచలు.

"ఎవరో వదిలిపోయిన వస్తువు. తనిఖీ చేశాం" అన్నాడు అధికారి. మొదటిసారి ఆ మొహం కొంచెం కందింది.

"ఏమన్నా దొరికిందాండీ?" నోరు జారింది.

గుమ్మం మనిషి నవ్వు దాచుకోవడానికి దగ్గాడు. "పో" అన్నాడు అధికారి.

బయట వాన జోరందుకుంది. అలవాటు కొద్దీ జెఫెరీను గొడుగు తెరిచాడు. నెత్తిన ఊచలు చేపముళ్లలా విచ్చుకున్నాయి. ఒక చేత్తో దాన్ని అలాగే పట్టుకుని, రెండో చేత్తో బండి తోసుకుంటూ, ముక్కు చివర్నుంచి నీళ్లు కారుతుండగా సందులోకొచ్చాడు.

దోనా కితేరియా కిటికీ తెరిచింది. ఆ ఊచల వంక, అతని వంక చూసి నోటికి శాలువా కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు. "ఓరి నీ! గొడుగుకే ఇంత మర్యాద చేశారంటే నువ్వు వాళ్లవాడివి కావులే!"

పక్క కిటికీ తెరుచుకుంది, దాని పక్కది కూడా. తాడు కట్టిన బుట్ట ఒకటి పైనుంచి వేలాడుతూ దిగింది. అందులో కితేరియా కత్తెర.

జెఫెరీను చూరు కిందికి జరిగి చక్రం తొక్కాడు. అధికారి మళ్లీ పిలవనని అనలేదు, ఆ సంగతి జెఫెరీను మరిచిపోలేదు. కితేరియా అటూ ఇటూ చూసి, కిందికి వంగి, గొంతు తగ్గించి ఏదో చెప్పబోయింది.

సానరాయి గోల పెరిగేలా అతను చక్రం ఇంకా జోరుగా తొక్కాడు.