ఊఁ కొట్టే దిక్కు

పత్తి ఏరడం అయిపోయిన వారానికి మా ఊరు ఖాళీ అవుతుంది. ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య, బస్సు ఆగితే ఆగినట్టు లేకపోతే లేనట్టు ఉండే ఊరు మాది. వానలు పడితే పంట, పడకపోతే గుంటూరు. అక్కడ మిరపకాయల కోతకు మూడు నెలలు కూలికి పోవడాన్ని మేం సుగ్గికి పోవడం అంటాం. లారీ వచ్చి వీధి చివర నిలబడుతుంది. బియ్యం మూటలు, బిందెలు, టార్పాలిన్లు, చంకల్లో పిల్లలు, అందరూ అన్నీ ఎక్కేస్తారు. తలుపులకు తాళాలు పడతాయి. మిగిలేది ముసలివాళ్ళూ, కుక్కలూ, నేనూ.

నేను నడవలేనని కాదు. చిన్నప్పుడు జ్వరమొచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది, అంతే. కర్ర పట్టుకుని నడుస్తాను, బస్సెక్కుతాను, కుడికాలితో కుట్టుమిషన్ తొక్కుతాను. పొద్దున్నుంచి పొద్దు మునిగే దాకా వంగి కాయలు కోయడం మాత్రం నా వల్ల కాదు. అందుకే ఏ మేస్త్రీ నన్ను లారీ ఎక్కమనలేదు. ఊళ్ళో జాకెట్లు కుట్టి బతుకుతాను. ఊరే లేనప్పుడు జాకెట్లు ఎవరికి కుట్టాలి? ఆ మూడు నెలలు మిషన్ మీద పాత చీర కప్పేసి పుస్తకాలు చదువుతాను. ఇందులో గొప్పేమీ లేదు, చేయడానికి వేరే పని లేదు.

నాకు చదువొచ్చింది కూడా ఆ కాలు వల్లే. అక్క నాకంటే మూడేళ్ళు పెద్ద. ఆమె నాలుగో తరగతిలో ఉండగా అమ్మా నాయనా ఆమెను సుగ్గికి తీసుకుపోయారు. నేను పనికిరాను కాబట్టి నన్ను అవ్వ దగ్గర వదిలి బడికి పొమ్మన్నారు. ఆ ఏడు నా సంచిలో అక్క పలక ఉండేది. ఒక మూల చట్రం విరిగితే తీగతో బిగించి కట్టిన పలక. అది నా సంచిలోకి ఎలా వచ్చిందో నాకు గుర్తు లేదు. అక్కే ఇచ్చిందా, అమ్మ లాక్కుని నాకిచ్చిందా, నేనే అడిగి తీసుకున్నానా? అక్క మళ్ళీ బడి మెట్లెక్కలేదు. వచ్చిన నాలుగు అక్షరాలూ మర్చిపోయింది, ఇప్పుడు వేలిముద్ర వేస్తుంది. ఆమెను మా ఊళ్ళోనే ఇచ్చారు, మా ఎదురిల్లే. అమ్మా నాయనా పోయాక నాకున్న మనిషి ఆమె ఒక్కతే. ఆమెకు నా మీద కోపం ఉందా అని మాత్రం, నాకు నలభై దాటినా, ఒక్కసారీ అడగలేకపోయాను.

మా ఇంట్లో మొదట ఉన్న పుస్తకం ఒక్కటే. ఆదివారం ప్రార్థనకు అమ్మ దాన్ని గుండెలకు హత్తుకుని తీసుకుపోయేది. అమ్మకు చదవడం రాదు, అయినా అది లేకుండా గడప దాటేది కాదు. పుస్తకం అంటే ప్రపంచంలో అదొక్కటే అని చాలా కాలం అనుకున్నాను. బడి పుస్తకాలు పరీక్షల కోసం, అవి లెక్కలోకి రావు.

రెండో పుస్తకం ఎండ వల్ల దొరికింది. లైనింగు గుడ్డ కోసం ఆదోనికి పోయి, బస్సుకు ఇంకా టైముందని, ఫ్యాను కనబడితే లైబ్రరీలోకి దూరాను. లోపల పేపర్లు చదివేవాళ్ళంతా మగవాళ్ళు. ఊరికే కూర్చుంటే లేపుతారేమోనని చేతికందిన పుస్తకం ఒకటి తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. ఎవరో ఒకామె తన బతుకు తనే రాసుకుంది. హాస్టల్లో వంట చేసిన మనిషట. పొగకు కళ్ళు మండడం, గంజి వార్చేటప్పుడు చెయ్యి కాలడం, పిల్లలు అన్నం పారేస్తే కడుపు రగిలిపోవడం, ఇవే రాసింది. నాకు చిరాకేసింది. ఇదీ ఒక పుస్తకమేనా, ఇట్లాంటివాళ్ళు మా వీధికి పదిమంది లేరా అనుకున్నాను. అనుకుంటూనే బస్సు పోయే దాకా చదివాను. ఆ రోజు ఇంటికి చేరేసరికి చీకటి పడింది, అవ్వ తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది.

మూడోది ఎమ్మిగనూరులో. బస్టాండు పక్కన గోనెపట్టా పరిచి పాత పుస్తకాలు అమ్మే ముసలాయన ఉండేవాడు. దారపు ఉండలు కొనుక్కుని వస్తూ ఆగాను.

"ఏం గావాలమ్మా? ఏడిపించేదా, బయపెట్టేదా, నవ్వించేదా?"

"అంతా అబద్దాలుండేది ఇయ్యి తాతా. నిజాలు మా ఇంట్లో శానా ఉండాయి."

ఆయన పళ్ళు లేని నోటితో నవ్వి, అట్ట ఊడిపోయిన లావుపాటి పుస్తకం ఇచ్చాడు. అందులో ఒక రాజ్యం. మనిషి చనిపోతే గొంతు మాత్రం గాల్లో కాసేపు నిలుస్తుంది. కుమ్మరి పిల్ల ఒకతె పరుగెత్తుకుపోయి ఆ గొంతును కుండలో పట్టి మూత పెడుతుంది. కావలసినవాళ్ళు మూత తీసి ఒక్కసారి వినొచ్చు. రెండోసారి ఉండదు. అప్పటికి అమ్మ పోయి ఏడాదైంది. ఆ కుమ్మరి పిల్ల తన తల్లి కుండ ముందు కూర్చుని మూత తీయాలా వద్దా అని ఆలోచించే పేజీ దగ్గర నేను భోరున ఏడ్చాను. నిజం రాసిన ఆ వంటామె పుస్తకానికి రాని ఏడుపు ఈ అబద్ధానికి ఎందుకొచ్చిందో నాకిప్పటికీ తెలియదు.

అక్కణ్ణుంచి నేను ఆగలేదు. దొంగల్ని పట్టుకునే పుస్తకాలు, దేశాలు తిరిగినవాళ్ళవి, చుక్కల గురించి, పాముల గురించి, దెయ్యాలవి, ఏది దొరికితే అది. అన్నీ బాగుంటాయని కాదు. కొన్నింటిని తిట్టుకుంటూ చదివాను. కానీ అసలు కష్టం పుస్తకం మూశాక మొదలవుతుంది. లోపల ఒకటే రొద, చెప్పుకోవడానికి మనిషి ఉండడు. అవ్వ కథ చెప్పేటప్పుడు మేం ఊఁ కొట్టాలి. కొట్టకపోతే "నిద్రపోతిరా?" అని ఆపేసేది. ఇప్పుడు అవ్వా లేదు, ఊఁ కొట్టే దిక్కూ లేదు. ఒకరోజు పాముల పుస్తకం గురించి పక్కింటి ముసలావిడకు చెప్పబోయాను. ఓపికగా విన్నట్టే విని "ఇంతకీ బువ్వ తింటివా లేదా?" అంది. తాళాలు వేసిన ఇళ్ళ మధ్య నడిచి ఇంటికొచ్చాను. వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా నా కర్ర చప్పుడు ఒక్కటే.

మా ఇంట్లో ఫోను సిగ్నలు అందదు. మిద్దె ఎక్కాలి. మెట్టు మీద మెట్టు కూర్చుంటూ, జరుగుతూ ఎక్కుతాను. చూసేవాళ్ళెవరూ లేరు కాబట్టి సిగ్గేమీ లేదు. మిద్దె మీద కూడా ఒక్కోసారి ఒక పక్క మాటే పోతుంది. మనం మాట్లాడింది వాళ్ళకు వినబడుతుంది, వాళ్ళది మనకు రాదు, లేదా వాళ్ళది వస్తుంది, మనది పోదు. సాయంత్రం పని దిగాక అక్క ఫోను చేసేది.

"ఏం సేస్తాండావు మే?"

"సదువుతాండాను."

"ఏం సదువుతాండావో నాకూ సదువు. కాయల తొడిమెలు తీసుకుంటా ఇంటా."

అలా మొదలైంది. ఏడెనిమిదేళ్ళు సాగింది. నేను మిద్దె మీద పిట్టగోడకు ఆనుకుని చదివేదాన్ని, ఆమె గుంటూరు చేలల్లో టార్పాలిన్ గుడిసె ముందు కూర్చుని ఊఁ కొట్టేది. హంతకుడి కథ చదివితే రెండో రోజుకే "వంటోడు కాదులే, ఆ తమ్ముడే సంపినాడు" అని తేల్చేసింది, నాకు ఒళ్ళు మండింది. మంచుకొండల మీదికి పోయినాయన పుస్తకం చదివితే "ఆడికి పనికి పోయినాడా?" అంది. ఊరికే చూడనీకి అన్నాను. "పని లేకుండా అంత దూరమా! ఇంట్లో పెండ్లాం ఏమన్లేదా?" అని అక్కడున్న ఆడవాళ్ళంతా ఒకటే నవ్వు. ఆ నవ్వు విన్న సాయంత్రం నాకు ఊరు ఖాళీగా ఉన్నట్టే అనిపించలేదు. ఆమె చదువు నేను తీసుకున్నాను కదా, ఇలా కొంచెం కొంచెం తిరిగి ఇస్తున్నాను అని లోలోపల గర్వపడేదాన్ని కూడా.

పోయిన ఏడు ఆ కుండల పుస్తకం మొత్తం చదివాను. దాన్ని అన్నేళ్ళూ ఎవరికీ చదవకుండా దాచుకున్నాను. ఇరవై రోజులు పట్టింది. కుమ్మరి పిల్ల మూత తీసే పేజీ దగ్గర కూడా అవతల ఊఁ అని వినబడింది. ఉగాదికి ముందు వాళ్ళు తిరిగొచ్చాక, అక్క ఇల్లు ఊడ్చి అలుకుతుంటే గడపలో కూర్చుని అడిగాను.

"అక్కా, ఆ పిల్ల మూత తీసినాదే, అమ్మ గొంతు ఇనపడినాదే, ఆడ నీకు ఏమనిపించినాది?"

అక్క చెయ్యి ఆగింది. "ఏ పిల్ల?"

నేను నవ్వులాటకు అంటుందనుకున్నాను. ఆమె నవ్వలేదు. అలుకుగుడ్డ బకెట్టులో వేసి, చీర కొంగుతో చేతులు తుడుచుకుని, మెల్లగా చెప్పింది.

"మే, నీతో అబద్దమెందుకు. ఈ ఏడు నా కత అయిపాయ. కండ్లు మంటలు, నడుము నొప్పి. నువ్వు సదవడం మొదలుపెడితే నాకు నిద్ర వస్తాండె. ఫోను సెవి కాడ పెట్టుకునే పండుకుంటాంటి. మా గుడిసెలో పెద్దామె ఉండ్ల్యా, ఆమె ఊఁ కొడతాండె."

"నాకు సెప్పొచ్చు కదా! సదవొద్దు అనొచ్చు కదా!"

"నువ్వు సదవడం ఆపితే ఆ మిద్దె మీద ఒక్కదానివే ఏం సేస్తావు?"

నాకు కోపం వచ్చింది. మామూలు కోపం కాదు. ఇన్నేళ్ళూ నేను ఆమెకు తోడు అనుకున్నాను. చంటిబిడ్డను జోకొట్టినట్టు ఆమే నన్ను జోకొట్టింది, పైగా ఆ పనికి ఇంకో మనిషిని పెట్టింది. నాలుగు రోజులు ఎదురింటి వైపు చూడలేదు. నాలుగో రోజు అక్క ఏమీ మాట్లాడకుండా గిన్నెలో బొరుగుల ఉగ్గాని తెచ్చి గడపలో పెట్టి పోయింది. తిన్నాను. తింటూ ఏడ్చాను. కోపం ఆమె మీద కాదని అప్పటికి తెలిసింది. అంత అలసిపోయిన మనిషికి నేను ఇరవై రోజులు కుండల కథ చదివాను. ఆమె ఎలా ఉందని ఒక్క సాయంత్రం సరిగా అడగలేదు.

ఈ ఏడు మళ్ళీ లారీ వచ్చింది, మళ్ళీ తాళాలు పడ్డాయి. మొదటి వారం అక్క ఫోను చేసి "ఈసారి ఏం పుస్తకం?" అంది.

"ఈసారి నేను సదవను. నువ్వు సెప్పు. నేను ఊఁ కొడతా."

"నా కాడ ఏం కతలుంటాయి మే!" అని పెట్టేసింది. రెండో రోజూ అంతే. మూడో రోజు కాయ ఎంత ఎర్రగా ఉందో చెప్పింది, నేను ఊఁ అన్నాను. తర్వాత బోరింగు దగ్గర కొట్లాట, గుడిసెలోకి వచ్చిన తేలు, పెద్దామె ఈసారి రాలేకపోవడం. వంటామె రాసుకున్న పుస్తకం నాకు ఎన్నోసార్లు గుర్తొచ్చింది. అన్నిటికీ ఊఁ అన్నాను. పుస్తకాలు కింద ఇంట్లో ఉండిపోయాయి.

ఒక సాయంత్రం ఎప్పటికన్నా ఆలస్యంగా చేసింది. గొంతు వేరుగా ఉంది.

"మే, నేను మొదటేడు సుగ్గికి పోయింది నీకు గుర్తుండాదా?"

"ఊఁ."

"లారీ ఎక్కేముందు నా పలక తీసుకుని నీ కాడికి వస్తి."

ఫోను చెవికి గట్టిగా అదుముకున్నాను. "ఊఁ" అన్నాను.

"ఆ పొద్దు నీ మీద నాకు..."

అక్కడ ఆగిపోయింది. ఆమె ఆగిందో, సిగ్నలు ఆపిందో తెలియలేదు. ఫోను చెవి నుంచి తీసి చూశాను, కాల్ నడుస్తూనే ఉంది. ఏడుస్తోందేమో, మాట రావడం లేదేమో అనుకున్నాను. "అక్కా, ఇనపడడంల్యా" అనాలని నోటి దాకా వచ్చింది. అంటే ఆపేస్తుంది, మళ్ళీ మొదలుపెట్టదు అని భయం వేసింది. అందుకే ఊఁ అన్నాను. కాసేపు ఆగి మళ్ళీ ఊఁ అన్నాను. గాలి, ఎవరింటి తాళమో తలుపుకు కొట్టుకుంటున్న చప్పుడు, అంతే. పొద్దు మునిగింది. ఫోను దానంతటది తెగిపోయే దాకా పిట్టగోడకు ఆనుకుని ఎవరికో తెలియకుండా ఊఁ కొడుతూ కూర్చున్నాను. తిరిగి చేస్తే స్విచ్చాఫ్ వచ్చింది.

మర్నాడు అక్కే చేసింది. గొంతు తేలికగా ఉంది, చిన్నపిల్ల గొంతులా ఉంది.

"నిన్న సార్జింగు అయిపాయ మే. కానీ అంతా సెప్పేసినంక అయిపాయలే. నువ్వు ఊఁ ఊఁ అంటాంటివి కదా, నిలపకుండా సెప్పేస్తి. ఇన్నేండ్లు కడుపులో పెట్టుకున్న్యా. మల్ల సెప్పమంటే నా వల్ల కాదు, ఒక్కసారే అది."

నేను ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"అంతా ఇన్నావు కదా?"

పిట్టగోడ పట్టుకుని లేచి నిలబడ్డాను. ఎదురుగా ఆమె ఇంటి తలుపు, దాని తాళం, గడప మీద దుమ్ము కనిపిస్తున్నాయి.

"ఇన్నానక్కా."

"నా మీద కోపం రాలేదు కదా?"

"రాలేదక్కా" అన్నాను.

అవతల నుంచి అక్క ఊఁ అంది.