డబ్బా బియ్యం, పాడిబర్రె

పెళ్లైన కొత్తలో, గరిడేపల్లి దగ్గర అత్తగారింట్లో పులావు చేద్దామని మసాలా కలిపిన డబ్బా బియ్యం తెప్పించాను. అత్తమ్మ అలవాటుగా వాటిని కడిగేసి, ఆ ఎర్రటి నీళ్లు కుడితిలో పోసింది. అది తాగిన కాసేపటికే పాడిబర్రె వణుకుతూ, నురగలు కక్కుతూ కూలబడింది.

“ఇంట్ల వడ్లు పెట్టుకొని డబ్బా బియ్యమెందుకే? దీనికేమన్నయితే మీ అమ్మగారింటి బర్రెను తోలుకొస్తవా?” అంది అత్తమ్మ.

బర్రె కళ్లు తేలేస్తోంది. మామయ్య పరుగున వెళ్లి పశువుల డాక్టరును పిలుచుకొచ్చాడు.

డాక్టరు సూది వేసి, “ఇయ్యాల యాడ మేపిండ్రు?” అని అడిగాడు.

“కోసిన జొన్నచేన్ల,” అన్నాడు మామయ్య మెల్లగా.

“మోళ్లకు మళ్ల మొలిచిన లేత పిలకలు తిన్నది. గదే విషం. మసాలా ఏం జెయ్యలే.”

బర్రె బతికింది. నన్నన్న మాటను మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు. చుట్టాలకు ఇప్పటికీ నేను బర్రెను చంపబోయిన కోడలినే. అందుకే ఇది అచ్చులో ఉండాలని రాస్తున్నాను.