ఏడు మెట్ల కోట పాటకు నేను చెప్పిన అర్థం

ఆ రోజుల్లో ఏ పిల్లల పాట విన్నా నాకు దాని వెనక గుర్రాల డెక్కల చప్పుడు వినిపించేది. తల్లి బిడ్డను కాళ్ల మీద ఊపుతూ రెండు ముక్కలు పాడితే చాలు, అందులో ఏ రాజు ఓడిపోయాడు, ఏ కరువు వచ్చింది, ఏ పన్నుకు జనం అల్లాడారు అని వెతికేదాన్ని. పిల్లల పాటల చారిత్రక మూలాల మీద పీహెచ్‌డీ చేస్తున్నదాన్ని మరి. ఎవరైనా ఉత్తినే పిల్లను నవ్వించడానికి పాట కడతారంటే నాకు చిన్నతనంగా ఉండేది. (నవ్వించడం మీద సిద్ధాంత గ్రంథం ఎవరు రాయనిస్తారు?) మాది గుంటూరు వైపు. చదువు కోసం యూనివర్సిటీ క్యాంపస్‌లో అమ్మాయిల హాస్టల్లో ఉండేదాన్ని. ఆదివారం పొద్దున తార్నాక దాకా నడిచి దోసె తిని, తిరిగొస్తూ గుమ్మాల్లో కూర్చున్న ప్రతి ముసలమ్మనూ పాటలడిగేదాన్ని. కొందరు పాడేవారు. కొందరు నేను ఓట్ల లిస్టు కోసం వచ్చాననుకుని రేషన్ కార్డు తెచ్చి చూపించేవారు.

మా శాఖలో ఒక పద్ధతి ఉండేది. పాట సేకరించినప్పుడల్లా ఒక కాగితం నింపాలి. పాడినవారి పేరు, వయసు, ఊరు, అన్నిటికీ చివర 'ఎవరి దగ్గర నేర్చుకున్నారు' అని ఒక గడి. ఆ చివరి గడిని మేమెవరమూ అడిగి నింపిన పాపాన పోలేదు. మా సీనియర్లు అందులో 'పెద్దల నుంచి, తరతరాలుగా' అని రాసేవారు, మేమూ అదే రాసేవాళ్లం. నేనైతే తీరిక దొరికిన రోజున యాభై కాగితాల మీద ఆ మాట ముందే రాసి పెట్టుకునేదాన్ని. జానపదమన్నాక తరతరాలుగా రాక నిన్నటి నుంచి వస్తుందా అని మా ధీమా.

మా హాస్టల్ మెస్‌లో అన్నం వడ్డించే ఆవిడను మేమంతా బువ్వమ్మ అనేవాళ్లం. అరవై దాటిన మనిషి, మౌలాలి నుంచి రోజూ పొద్దున్నే వచ్చేది. ఒకనాడు మనవరాలిని వెంట తెచ్చి, వంటింటి గడప దగ్గర కాళ్లు చాపుకుని, పిల్లను ఊపుతూ పాడుతోంది.

"ఏడు మెట్ల కోటమ్మ, ఎక్కి చూడు కొంగమ్మ
ఎర్ర దుమ్ము లేసిందమ్మ, దొర వస్తుండు దాగమ్మ
దొంతి ఎనక ఊగమ్మ, సప్పుడు సేయక తాగమ్మ"

చేతిలో కంచం అక్కడే పెట్టి గదికి పరిగెత్తి టేప్ రికార్డర్ తెచ్చాను. ఏడు మెట్ల కోట అంటే ఏడు ప్రాకారాల ఓరుగల్లు కాక మరేమిటి? ఎర్ర దుమ్ము ముట్టడికి వచ్చిన అశ్వదళానిది. దొర శత్రు సేనాని. కొంగమ్మ బురుజు మీద కాపలా ఉన్న వేగు. ఇక చప్పుడు చేయకుండా తాగడం ఉందే, అక్కడ నా బుద్ధి మరీ విజృంభించింది. శత్రువు చేతికి చిక్కకుండా అంతఃపుర స్త్రీలు విషం తాగారని పదకొండు పేజీలు రాశాను. రాస్తూ రాస్తూ ఏడ్చాను కూడా. మా గైడు గారు చదివి, "ఇది నీ థీసిస్‌కు వెన్నెముకమ్మా" అన్నారు. ఆ మాటకు నేను రెండు రోజులు భూమి మీద నడవలేదు.

థీసిస్ సమర్పించినట్టు కాగితం చూపిస్తే మా ఊరి దగ్గర కాలేజీలో లెక్చరర్‌గా చేరవచ్చు. దానికి ముందు శాఖలో పెద్దలందరి ఎదుట సెమినార్ గట్టెక్కాలి. పాట పాడినవాళ్లు దగ్గర్లోనే ఉంటే తీసుకొచ్చి పాడించడం మా గైడు గారికి సరదా. అలా బువ్వమ్మ కొత్త చీర కట్టుకుని సెమినార్ హాల్లోకి వచ్చింది. నా పదకొండు పేజీలూ, పాట సేకరణ కాగితంతో సహా, అప్పటికే అందరి చేతుల్లో ఉన్నాయి. ముందు పాట, తర్వాత నా ఉపన్యాసం అని ఏర్పాటు. ఆవిడ బెరుకు లేకుండా పాడింది. పెద్దలు తలలూపారు. అంతలో చరిత్ర శాఖ నుంచి వచ్చిన ఒక పెద్దాయన (మేము వెనకాల ప్రశ్నల సారు అనేవాళ్లం) నా కాగితంలో చివరి గడి దగ్గర వేలు పెట్టి, "అమ్మా, ఈ పాట మీకు ఎవరు నేర్పారు?" అని అడిగారు.

"ఎవలు నేర్పుతరు సారూ. నేనే కట్టిన."

నేను మా గైడు గారి వైపు చూశాను. ఆయన కిటికీ వైపు చూస్తున్నారు.

"గీ బిల్డింగు కట్టేటప్పుడు గీడనే తట్టలు మోసిన," అంది బువ్వమ్మ తాపీగా. "కోటంటే గిదే సారూ, మేం గట్లనే అనుకునేటోళ్లం. ఎక్కెతందుకు ఏడు మెట్ల నిచ్చెన ఉండె. ఎర్ర దుమ్ము ఇటుకలది. దొరంటే మేస్త్రి. మా పెద్ద బిడ్డ అప్పుడు సంకల పిల్ల. పాలిస్తందుకు కూసుంటే పని ఇడిచిపెట్టినవని తిడుతుండె. గందుకే ఇటుకల దొంతి ఎనక చీర ఉయ్యాల కట్టి, సప్పుడు గాకుండ తాపేది. అది ఏడిస్తే దొరికిపోతం గద."

"దొంతి ఎక్కడ ఉండేదమ్మా?" ప్రశ్నల సారు గొంతు ఎందుకో తగ్గింది.

"గాడనే సారూ, మీరు కూసున్న కాడ."

ఆయన లేచి కుర్చీని కొంచెం పక్కకు జరుపుకున్నారు. ఎవరూ నవ్వలేదు. నా ఉపన్యాసం వాయిదా పడింది, అధ్యాయం మళ్లీ రాయాలన్నారు. రాసేలోగా ఆ ఉద్యోగం ఇంకెవరికో వెళ్లిపోయింది. అప్పుడు ప్రపంచం మునిగిపోయిందనుకున్నాను.

ఆ సాయంత్రం బువ్వమ్మను బస్సెక్కించడానికి తార్నాక దాకా వెళ్లాను. బస్టాపులో మెల్లగా, "నా మాటతోని నీ సదువు కరాబైందా బిడ్డా?" అంది. అదేం లేదన్నాను. "నువ్వు అడగకపోతివి. అడిగితే అప్పుడే చెప్తుంటి గద." నాకు సిగ్గేసింది. ఆరేళ్లు ఆమె చేతి అన్నం తిన్నాను. ఏడు వందల ఏళ్ల కిందటి రాణుల కోసం ఏడ్చినదాన్ని, నీ పిల్లలెంతమంది అని ఆమెను ఒక్కనాడూ అడగలేదు.

బస్సు కోసం చూస్తూ ఆమె మళ్లీ అడిగింది. "తాగమ్మ అన్నదానికి ఏం రాసినవ్ బిడ్డా?"

భుజాన సంచిలో పదకొండు పేజీల విషం ఉంది.

"పాలు అనే రాశాను బువ్వమ్మా."

"మంచిగ రాసినవ్," అని నా చెంప నిమిరి బస్సెక్కింది.

అంత చదువుకుని ఒక్క గడి నింపలేకపోయిన ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా కలుగుతుంది. ఆనాడు బస్టాపులో చెప్పిన ఆ అబద్ధాన్ని, అధ్యాయం తిరగరాసి, నిజం చేయడానికి ఆ పిల్లకు ఎనిమిది నెలలు పట్టింది.