ఆన్ కాని కెమెరాలో మా అమ్మ

మా మనవరాలి చిన్నప్పుడు... దానికింకా మెడ కూడా నిలవని రోజుల్లో... అమీర్‌పేటలోని మా ఇంట్లో నేనూ, మా అమ్మాయి సుధా ఒక డిజిటల్ కెమెరాను ముందు పెట్టుకుని కూర్చున్నాం. మీట నొక్కితే పలకదు. మళ్ళీ నొక్కినా అంతే.

కింద వీధి నిండా కంప్యూటర్ కోర్సుల బోర్డులు. ముప్పై రోజుల్లో ఏదైనా నేర్పేస్తామనే వాళ్ళు వందమంది... ఈ కెమెరా ఎందుకు పలకదో చెప్పేవాడు ఒక్కడూ కనబడడు.

అందులో మా అమ్మ ఉంది మరి. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని ఎనభై ఏళ్ళుగా ఎవరికీ దొరకని మనిషి... మునిమనవరాలి బారసాల నాడు మాత్రం పిల్లను ఒళ్ళో పెట్టుకుని, "సరే, ఒక్కటంటే ఒక్కటి" అంది. పక్కన నేను, సుధ. నాలుగు తరాల ఆడవాళ్ళం. మెమరీ కార్డు తరవాత కొందామన్నాడు అల్లుడు. అందుకని ఆ ఫోటో కెమెరా కడుపులోనే ఉండిపోయింది.

ఇప్పుడు అమ్మ పంజాగుట్ట ఆసుపత్రిలో ఉంది. నాలుగింటికి గుండె ఆపరేషన్. పొద్దున నా చెయ్యి పట్టుకుని, "ఆ ఫోటో ఒకసారి చూపించవే... చూశాకే లోపలికి వెళ్తాను" అంది. కెమెరా చచ్చిపోయిందని ఆ మనిషితో ఎలా చెప్పను? తన ఆయుష్షు కూడా అయిపోయిందనే అనుకుంటుంది...

అల్లుడు ఆఫీసు నుంచి ఫోన్‌లో కెమెరాకి వైద్యం మొదలుపెట్టాడు.

"బ్యాటరీ తీసి మళ్ళీ పెట్టండి అత్తయ్యగారూ."

"నాలుగుసార్లు పెట్టాం బాబూ. ఛార్జర్‌లో దీపం కూడా వెలగట్లేదు."

"అయితే దాంతో వచ్చిన పుస్తకం చూడండి."

"చూశాను నాయనా. కొన్నచోట అడగమని రాశారు. ఆ మాటకి వంద పేజీలెందుకో!"

రెండున్నర అయింది. కెమెరాను సంచిలో వేసుకుని, సందు చివర కెమెరాలు బాగుచేసే యాదగిరి దగ్గరికి పరుగెత్తి, నాలుగింటి ఆపరేషన్ సంగతి చెప్పాను.

"కార్డు లేదా అమ్మా? లోపలి ఫోటోలు పోతే నన్ను అనొద్దు మల్ల" అన్నాడు.

బ్యాటరీ బయటికి తీసి, భూతద్దంలోంచి చూశాడు. తరవాత నన్ను చూశాడు.

"గిదేందమ్మా... దీనికేం పూసిండ్రు?"

బంగారు రంగు రేకుల మీద ఎండిపోయిన పసుపుపచ్చని పొర... బారసాల తరవాత వచ్చిన దసరాకి కత్తిపీట, కుట్టుమిషను, స్కూటరుతో పాటు ఈ కెమెరాకీ ఆయుధపూజ చేశాను. దీని ప్రాణమంతా బ్యాటరీలోనే ఉందని, దాన్ని బయటికి తీసి మరీ బొట్టు పెట్టాను.

"గంధం..." అన్నాను, గొంతు తగ్గించి.

"మస్తు పూజ చేసిండ్రు! కరెంటు సుత దండం పెట్టి ఆడనే నిలబడ్డది."

విద్యుత్తు దేనిలోంచి ప్రవహిస్తుందో, దేనిలోంచి ప్రవహించదో ముప్పై ఏళ్ళు బోర్డు మీద రాసి చెప్పిన సైన్సు టీచరమ్మని నేను.

దూదిని స్పిరిట్‌లో ముంచి తుడిచాడు. కెమెరా కళ్ళు తెరిచింది... వెంటనే ఆపేశాడు. "ఛార్జింగ్ ఎర్రగీత మీదున్నది. ఊకె ఆన్ చెయ్యకుండ్రి, దవాఖానకు పోయినంకనే నొక్కుండ్రి."

అంటే, ఫోటో ఉందో పోయిందో తెలియదు.

పంజాగుట్ట దగ్గర ఆటో నిలిచిపోయింది. దిగి నడిచాను. దారంతా ఆ మీట మీదకే పోతున్న వేలిని నేనే తిట్టుకుంటూ...

వెళ్ళేసరికి అమ్మను స్ట్రెచర్ మీదికి మార్చేశారు. నొక్కాను. ఒక క్షణం నల్లగా... ఆ తరవాత నలుగురమూ కనబడ్డాం. అమ్మ కళ్ళు చికిలించి చూసింది.

"ఇదేంటే, కళ్ళు మూసుకున్నాను! ఇది చెల్లదు. బయటికొచ్చాక సరిగ్గా తియ్యి."

తెర ఆరిపోయింది. స్ట్రెచర్ కదిలింది.

బయటికొచ్చింది. మూడో వారం, అన్న మాట ప్రకారం ఇంకో ఫోటో దిగింది, కళ్ళు ఇంతింత చేసుకుని... పోలీసువాళ్ళు పట్టుకున్నట్టుగా.

ఇప్పుడు మా మనవరాలు ఒక నవ్వుకి ఇరవై ఫోటోలు తీసి, నచ్చనివి అక్కడికక్కడే చెరిపేస్తుంది. దాని ఫోన్‌లో కళ్ళు మూసుకున్న మనిషి ఒక్కరూ మిగలరు. మా హాల్లో మాత్రం అమ్మ చెల్లదన్న ఫోటోనే ఉంది...

బాగా రాకపోయినా పారేయలేని ఫోటో మీ ఇంట్లోనూ ఒకటి ఉండే ఉంటుంది. అందులో ఎవరున్నారు? చెప్పండి, వింటాను.