వకీలు కథలో లేని పేజీలు

"ఆ వకీలు బడికి పోయింది ఒక్కటే ఏడాది, తమ్మీ. పొద్దంత తోళ్ల కార్ఖానాల పని. లా సదువంత తనకు తానే నేర్చుకున్నడు."

దుబాయ్‌లో కూలీలుండే సోనాపూర్ క్యాంపులో శుక్రవారం, సెలవు. బట్టలు బకెట్‌లో నానబెట్టి, రాజేశ్వర్ మంచం మీద కూర్చుని నాకు చెబుతున్నాడు. కోరుట్ల దగ్గరి మనిషి. ఇక్కడ పదకొండేళ్లుగా షట్టరింగ్ కార్పెంటరు. ఆ గదిలో ఇంగ్లీషు చదవగలిగేది ఆయనొక్కడే. 2004లో ఒక విల్లాలో పనికి పోయినప్పుడు, చెత్తడబ్బా పక్కన ఒక పుస్తకం దొరికింది. నూట యాభై ఏళ్ల కిందటి అమెరికా వకీలు జీవితం. రోజూ బస్సులో రెండు పేజీలు చదివి, సాయంత్రం రొట్టెలు చేసేవేళ గదిలోవాళ్లకు తెలుగులో చెప్పేవాడు.

"అప్పుడు మా రూముల ఉన్న సనావుల్లాకైతే ఆ కథంటే పిచ్చి. 'అన్నా, ఇయ్యాల కేసు గెలిచిండా?' అని బస్సు దిగంగనే అడుగుతుండె. ఓడితే ఆ రోజు అందరి రొట్టెలు మాడవెడుతుండె."

నవ్వాడు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

వకీలు రైలుపట్టాల కూలీల కేసులు వాదించి పేరు తెచ్చుకున్నాడు. రెండుసార్లు ఓడి, మూడోసారి చట్టసభకు గెలిచాడు. ఎండాకాలం మధ్యాహ్నాలు పని ఆపించమని కూలీలు ఆయన గుమ్మంలోకి వచ్చారు. ఈసారి ఎన్నికల్లో ఆయనకు ఖర్చు పెట్టింది మాత్రం ఆ కూలీలతో పని చేయించే రైలు కంపెనీయే. అక్కడితో పుస్తకం చిరిగిపోయి ఉంది.

"పేజీలు లేవని చెప్పబుద్ధి కాలే. ఏడుగురు నా మొఖమే చూస్తున్నరు. సభల ఒక్కడే లేచి మాట్లాడిండు, కంపెనోడు దిగొచ్చిండు అని చెప్పిన. నా సొంతంగ."

అది జూన్ నెల. కథ అలా ముగించిన నాలుగో రోజు సైట్‌లో ఒకతను ఎండకు కళ్లు తిరిగి పడిపోయాడు. సనావుల్లా నేరుగా కంపెనీ మేనేజరు, ముదీర్ దగ్గరికి నడిచి, మధ్యాహ్నం పని ఆపాలన్నాడు.

"'ఇది నీ ఒక్కని మాటనా?' అన్నడు ముదీర్. సనావుల్లా ఎన్కకు మర్రి నన్ను సూసిండు. నేను కింద మేకులు ఏరుకుంట కూసున్న."

వారంలో సనావుల్లా వీసా క్యాన్సిల్, ఇంటికి పంపేశారు, ఖలాస్. మరుసటి ఎండాకాలం మధ్యాహ్నప్పూట పని ఆపమని సర్కారే ఉత్తర్వు ఇచ్చింది. అప్పటికి సనావుల్లా కోరుట్లలో సైకిళ్లు బాగుచేసుకుంటున్నాడు.

"మూడేండ్ల సంది ఫోన్ల అదే మాట. 'ఏమైతేంది అన్నా, మన వకీలు లెక్క మాట్లాడిన గదా' అంటడు. నేను వేరే ముచ్చట తీస్త."

"ఆ వకీలు నిజంగా ఏం చేసుంటాడన్నా?" అని అడిగాను.

"నాకేం ఎరుక. నా లెక్కనే కూసున్నడేమో."

వచ్చే వారం నేను సెలవు మీద కోరుట్ల మీదుగా ఊరికి పోతున్న సంగతి ఆయనకు తెలుసు. దిండు కింద నుంచి ప్లాస్టిక్ కవరులో చుట్టిన పుస్తకం తీసి నా ఒళ్లో పెట్టాడు.

"కోరుట్ల బస్టాండు ఎన్కనే సనావుల్లా దుకాణం. ఇది ఆని చేతుల వెట్టు. ఆఖరి పేజీ తిప్పి చూపియ్యి. దీని ఎన్క ఏం లేకుండె, రాజన్న కల్పించిండు అని చెప్పు. ఆ మేకుల ముచ్చట గూడ చెప్పు, తమ్మీ. అది మాత్రం దాచకు."